పులి ఉందట, కానీ పెట్టె తెరవకూడదట

హైదరాబాదులో కొత్తగా ఇల్లు కొన్నవాళ్లకి ఇప్పుడో పిచ్చి పట్టుకుంది. హాల్లో ఒక గాజు పెట్టె, పైనుంచి ఒక లైటు, లోపల అంచులు చెదలు తిన్న ఒక పాత నీతిచంద్రిక. దాన్ని 'యాంటిక్' అనాలి. ముట్టుకోకూడదు, తెరిస్తే విలువ పడిపోతుంది. 1853లో మద్రాసులో పరవస్తు చిన్నయ సూరి ఈ పుస్తకం అచ్చేయించింది పిల్లల చదువు కోసమని ఇన్నాళ్లూ అనుకున్నాం, పాపం ఆయన మన సోఫా రంగు చూసి రాశాడన్నమాట.

మొన్నో గృహప్రవేశంలో ఇంటాయన ఆ పెట్టె పక్కన మ్యూజియం గైడులా నిలబడి "మన హెరిటేజ్ అండీ" అంటున్నారు. ఇందులో ఏముంటుందండీ అని ఎవరో అడిగారు. "కథలండీ... యానిమల్స్." ఇంతలో ఆయన ఏడేళ్ల కొడుకు దూరి, "నాన్నా, పులి ఉందా?" అన్నాడు. ఉంది. "ఏం చేస్తుంది?" ఇంటాయన భార్య వంక చూశారు, ఆవిడ అత్తగారి వంక చూసింది, అత్తగారు కేటరింగ్ వాళ్ల వంక చూశారు. చివరికి, "గుడ్ హ్యాబిట్స్ నేర్పిస్తుంది నాన్నా, వెళ్లి గులాబ్‌జామ్ తిను." వాడు కదల్లేదు, గాజుకి ముక్కు ఆనించాడు. "ఏయ్, మరకలు!" అంటూ ఆయన జేబులోంచి గుడ్డ తీసి ముక్కు ముద్ర తుడిచారు. గుడ్డ జేబులో రెడీగా ఉంది, గమనించండి.

పులి ఏం చేస్తుందో నేను చెబుతాను. అది ముసలిది, స్నానం చేసి, దర్భలు పట్టుకుని, చెరువు గట్టున కూర్చుని బంగారు కంకణం దానమిస్తానంటుంది. ఆశపడ్డ బాటసారి నీళ్లలోకి దిగి బురదలో కూరుకుపోతాడు, అయ్యో లేవదీస్తానుండు అంటూ వచ్చి తినేస్తుంది. ఈ కథ చెప్పేది పావురాల రాజు చిత్రగ్రీవుడు, చల్లిన నూకల మీద వాలబోతున్న తన వాళ్లకి. విన్నారా? వినలేదు, దిగారు, వలలో పడ్డారు, ఇక వలతో సహా ఎగిరి హిరణ్యకుడనే ఎలుక దగ్గరికి పోవాల్సిందే. కథలోంచి కథలోకి తోసేసి, ఏమైందో తెలియాలంటే పేజీ తిప్పక తప్పని చోట పిల్లల్ని కూర్చోబెట్టిన పుస్తకమిది. గ్రాంథికమే, కాదనను. కానీ వల కొరుకుతుందా లేదా అన్న టెన్షన్‌లో ఉన్నవాడిని సంధులూ సమాసాలూ ఆపుతాయా?

ఆ పిల్లాడికి గుణింతాలు రావు. రేపు ఇంటర్‌లో మార్కుల కోసం తెలుగు తీసేసి సంస్కృతం ఇప్పిస్తారు, అదీ అయిపోతుంది. "ఏం చేస్తుంది?" అని పిల్లాడు తనంతట తను అడిగే ఆ ఒక్క నిమిషం కోసం బడిలో టీచర్లు తల బద్దలు కొట్టుకుంటారు. అది మీ హాల్లోకి నడిచొస్తే గులాబ్‌జామ్ పెట్టి పంపించేశారు. సిగ్గుండాలి! పుస్తకం చిరిగితే చిరగనివ్వండి, కొత్త ముద్రణలు దొరుకుతున్నాయి, ఆ లైటు ఖరీదులో అరడజను వస్తాయి. ముందు మీరు చదివి చావండి.

అన్నట్టు, ఆ ఇంటాయన ఊరవతల ప్రీలాంచ్ ఆఫర్‌లో ఇంకో ఫ్లాట్‌కి మొత్తం డబ్బు ముందే కట్టేసి, ఇప్పుడు బిల్డర్ ఆఫీసు చుట్టూ తిరుగుతున్నారు. కాగితాలు చూడకుండా ఎలా కట్టారండీ అంటే, "బిల్డర్ చాలా భక్తిపరుడండీ, చూస్తే మోసగాడిలా అనిపించలేదు" అన్నారు.