డిగ్రీ సరే, ఆట ఏదీ?

ఇంటర్ ఫలితాలకూ ఇంజినీరింగ్ కౌన్సెలింగ్‌కూ మధ్య చాలా ఇళ్లలో ఈమధ్య కొత్త గొడవ ఒకటి మొదలైంది. వీడియో గేములు తయారుచేసే పని నేర్చుకుంటానని పిల్లలు అంటారు. గేమ్ అనగానే పెద్దలకు ఆన్‌లైన్ రమ్మీ, బెట్టింగ్ యాప్‌లు, అప్పులు గుర్తొస్తాయి. వాళ్లను తప్పుపట్టలేం. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025 ఆగస్టులో కేంద్రమూ చట్టం తెచ్చింది. అదే చట్టం వీడియో గేముల పోటీలైన ఈ-స్పోర్ట్స్‌ను గుర్తించిందన్న కబురు మాత్రం ఇళ్లదాకా చేరలేదు. చివరికి ‘ముందు బీటెక్ కానియ్, తర్వాత నీ ఇష్టం’ అన్న మాటతో గొడవ సద్దుమణుగుతుంది.

ఆ మాటలో సగం నిజముంది. ఎంపీసీలో మార్కుల కోసం బట్టీపట్టి మర్చిపోయే సదిశలు, మాత్రికలు గేమ్ ప్రోగ్రామర్‌కు రోజూ కావాలి. విసిరిన బాణం ఎక్కడ తగులుతుందో, కెమెరా ఎటు తిరగాలో తేల్చేది ఆ లెక్కలే. వాటిని గట్టిగా నేర్పే డిగ్రీ ఎక్కడికీ పోదు. అమెరికా వెళ్లాలనుకుంటే హెచ్-1బీ వీసాకు బ్యాచిలర్ డిగ్రీ గానీ దానికి సమానమైన అర్హత గానీ ఉండాలి. బొమ్మలు వేసేవారు, యానిమేటర్లు, సౌండ్ చేసేవారి సంగతి వేరు. వాళ్ల విషయంలో ముందు తెరిచి చూసేది, చేసిన పనులను చూపే పోర్ట్‌ఫోలియోనే.

మిగతా సగమే చిక్కు. ‘డూమ్’ ఆటకు ప్రాణంపోసిన ప్రోగ్రామర్ జాన్ కార్మాక్ కాలేజీ మధ్యలో మానేశాడు. ఎరిక్ బరోన్ కంప్యూటర్ సైన్స్ డిగ్రీ పూర్తిచేసినా ఉద్యోగం దొరకలేదు. థియేటర్లో ప్రేక్షకులకు సీట్లు చూపించే పనిచేస్తూ, నాలుగేళ్లకు పైగా ఒక్కడే కూర్చుని ‘స్టార్‌డ్యూ వ్యాలీ’ తయారుచేశాడు. 2016లో విడుదలైన ఆ పల్లెటూరి వ్యవసాయం ఆట 4 కోట్లకు పైగా కాపీలు అమ్ముడైంది. ఇలాంటి కథలు విని చదువు మానేస్తామనేవారు ఒకటి గమనించాలి. కార్మాక్ కాలేజీ మానేశాడు గానీ పని మానలేదు. బరోన్‌కు తిండి పెట్టింది డిగ్రీ కాదు, పూర్తయిన ఆట. మొదలుపెట్టి సగంలో వదిలేసిన పది గేములకంటే, చిన్నదైనా చివరిదాకా ఆడగలిగే ఒక్క గేముకే ఈ రంగంలో విలువ.

మాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించేది మరో కథ. అమెరికాలో గేముల తయారీ నేర్పే డిజిపెన్ కాలేజీ విద్యార్థులు కొందరు చివరి ఏడాది ప్రాజెక్టుగా 2005లో ‘నార్బాక్యులర్ డ్రాప్’ అనే చిన్న ఆట చేశారు. దాన్ని చూసిన వాల్వ్ అనే గేముల కంపెనీ ఆ బృందాన్నే ఉద్యోగంలోకి తీసుకుంది. రెండేళ్లకు వాళ్ల ఆలోచనే ‘పోర్టల్’ అనే ఆట అయింది. మన దగ్గర చివరి ఏడాది ప్రాజెక్టు ఎక్కడ తయారవుతుందో అమీర్‌పేట గోడలమీది పోస్టర్లను అడిగితే చెబుతాయి. డబ్బు కట్టేస్తే కోడు, రిపోర్టు, వైవాలో చెప్పాల్సిన జవాబులు అన్నీ ఒక ప్యాకేజీ. కాలేజీకి తెలుసు, తల్లిదండ్రులకూ తెలుసు. చేతిలో ఆట ఉండాల్సిన పిల్లవాడి చేతికి బైండింగు చేసిన పుస్తకం వస్తుంది.

ఈ ఖాళీని చూసే లక్షల ఫీజులతో గేమింగ్ కోర్సులు పుట్టుకొచ్చాయి. అన్నీ మోసమని మేం అనం. కానీ ఫీజు కట్టేముందు అక్కడ చదివి వెళ్లినవాళ్లు చేసిన ఆట ఒకటి చూపించమని అడగండి. చూపిస్తే అక్కడే కూర్చుని ఆడండి. ప్లేస్‌మెంట్ గ్యారంటీ అని రాసిన బ్రోషర్ కంటే ఆ పది నిమిషాలు ఎక్కువ చెబుతాయి. నేర్చుకునే పనిముట్లకైతే పైసా అక్కర్లేదు. గేములు తయారుచేసే గోడో, త్రీడీ బొమ్మలు చేసే బ్లెండర్ సాఫ్ట్‌వేర్లు పూర్తిగా ఉచితం. తయారైన ఆటను కంప్యూటర్ గేములు అమ్మే ఆన్‌లైన్ అంగడి స్టీమ్‌లో పెట్టడానికి 100 డాలర్లు, గూగుల్ ప్లేలో ఖాతాకు 25 డాలర్లు చాలు.

చేదు విషయమూ చెప్పాలి. 2024 జనవరిలో మైక్రోసాఫ్ట్ గేమింగ్ విభాగంలో 1,900 మందిని, మరుసటి నెలలోనే సోనీ ప్లేస్టేషన్ సుమారు 900 మందిని తీసేస్తున్నట్టు ప్రకటించాయి. అనుభవమున్నవాళ్లే రోడ్డున పడ్డప్పుడు కొత్తవాళ్లకు తలుపు ఇంకా ఇరుకవుతుంది. అప్పుడు గేమింగ్ ఒక్కటే రాసున్న సర్టిఫికెట్ కంటే మామూలు కంప్యూటర్ సైన్స్ డిగ్రీయే ఇంకో పని చూసుకునేందుకు అక్కరకొస్తుంది. డిగ్రీ పూర్తిచేయమనే మేం చెబుతాం. దాన్ని కొనుక్కున్న ప్రాజెక్టుతో ముగించొద్దనే మా గోలంతా.

హైదరాబాద్‌లో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ లాంటి పెద్ద సంస్థలున్నాయి. ఓగర్ హెడ్ అనే చిన్న స్టూడియో ఇక్కడినుంచే మన పురాణాల అసురులను తీసుకుని 2017లో ‘అసుర’ విడుదల చేసింది. రాయదుర్గంలో ఈ రంగం కోసమే ఇమేజ్ టవర్‌కు అదే ఏడాది శంకుస్థాపన జరిగింది. కట్టడాలపై ఉన్న శ్రద్ధ ప్రభుత్వాలకు సిలబస్ మీద కనిపించదు. రెండు రాష్ట్రాల జేఎన్‌టీయూలు వచ్చే విద్యా సంవత్సరం నుంచే, విద్యార్థి స్వయంగా చేసిన గేమును మేజర్ ప్రాజెక్టుగా తీసుకోవాలి. ఫైన్ ఆర్ట్స్ కాలేజీలో బొమ్మలు వేసేవాళ్లతో కలిసి చేయడానికీ అనుమతివ్వాలి. వైవా రోజున ఎగ్జామినర్ రిపోర్టు పక్కనపెట్టి, కంట్రోలర్ చేతిలోకి తీసుకుని రెండు లెవెల్స్ ఆడాలి. మూడో లెవెల్లో గేటు ఎందుకు తెరుచుకోవడం లేదని అడగాలి. కొనుక్కొచ్చినవాడి దగ్గర దానికి జవాబుండదు.