పగిలింది ఒక్క అద్దం, పీకేది కిటికీ మొత్తమా?

మద్రాసులో అడయారు నుంచి తిరువాన్మియూరు దాకా మా వైపు ఏ పాత ఇల్లు బాగుచేస్తున్నా గేటు పక్కన టేకు కిటికీలు దొంతరగా పడి ఉంటున్నాయి. బందులు, ఇత్తడి గడియలు ఇంకా వాటికే ఉంటాయి. చెద పట్టిందా అని అడిగితే "లేదండీ, రెండు అద్దాలు పగిలాయి, రంగు కూడా లేచిపోయింది, ఎలాగూ పాతవే కదా, మార్చేయండి అన్నారు" అంటారు. అన్నది ఎవరయ్యా అంటే, కొత్త కిటికీలు అమ్మే మనిషి. ఈ జవాబు విన్న ప్రతిసారీ నాకు కడుపు మండిపోతుంది.

అద్దం పగిలితే అద్దం మార్చాలి. లప్పం రాలితే లప్పం పెట్టాలి. రంగు పోతే రంగు వేయాలి. కిటికీని చేసిన వడ్రంగి దాన్ని అలా విడివిడిగా బాగుచేసుకోవడానికి వీలుగానే చేశాడు. రెక్క చట్రంలో చుట్టూ మెట్టులా చెక్కిన గాడి ఉంటుంది చూడండి, అద్దం కూర్చునేది అందులోనే. దాన్ని పట్టి ఉంచేవి సన్న మేకులు, వాటి మీద లప్పం. కొన్నిట్లో లప్పానికి బదులు బీడింగు, అంటే సన్న చెక్క పట్టీ ఉంటుంది. ఏదైనా ఊడదీయడానికి వీలైనదే. పని తెలిసినవాడికి పాత అద్దం తీసి కొత్తది పెట్టడం ఒక పూట పని. గోడ కొట్టక్కర్లేదు, సిమెంటు పూయక్కర్లేదు, ఇల్లంతా దుమ్ము చేసుకోనక్కర్లేదు.

పారేస్తున్నది ఎలాంటి కలపో కూడా చాలామందికి తెలియదు. మద్రాసు పాత ఇళ్ళలో ఉన్నది చాలావరకు బర్మా టేకు, ఓడల్లో రేవుకు వచ్చిన సరుకు. నిదానంగా పెరిగిన పెద్ద చెట్ల చేవ అది. అందులో సహజంగా ఉండే నూనె వల్ల చెదలు అంత తేలిగ్గా ముట్టవు, చెక్క తడికి అంత తేలిగ్గా ఒంకర పోదు. ఇవాళ కొత్త టేకు అని కొంటున్న దానిలో చేవ లేని తెల్లచెక్క కూడా కలిసి ఉంటుంది. మన గేటు పక్కన నుంచి పాత సామాన్లవాడు ఎత్తుకెళ్ళినవి ఎక్కడో శుభ్రమై, నూనె రాసుకుని, పాతకాలపు కళాఖండం పేరుతో అమ్ముడవుతాయి. కారైక్కుడి పాత సామాన్ల అంగళ్ళలో చెట్టినాడు ఇళ్ళ తలుపులూ కిటికీలూ ఎలా అమ్ముతారో చూసినవాళ్ళకు నేను చెప్పేది అర్థమవుతుంది. వాళ్ళకు తెలిసిన విలువ ఇంటివాళ్ళకు తెలియకపోవడం నాకు బాధ.

ఇక ఇనుప కిటికీల సంగతి. పాత ఫ్లాట్లలో, సన్నని ఇనుప సెక్షన్లతో చేసినవి. సముద్రానికి దగ్గర ఉన్నవాళ్ళందరికీ వీటితో ఒకే ఫిర్యాదు: ఎవరూ కొట్టలేదు, బంతి తగల్లేదు, మూల నుంచి అద్దం దానంతటదే చీలింది. దానంతటదేమీ చీలదు. ఉప్పు గాలికి ఇనుము తుప్పు పడుతుంది, తుప్పు అసలు ఇనుము కన్నా చాలా ఎక్కువ చోటు తీసుకుంటుంది. గాడిలో అద్దానికీ ఇనుముకీ మధ్య ఉన్న కాస్త సందులో తుప్పు పొరలు పొరలుగా ఉబ్బి అద్దం అంచును నొక్కుతుంది. అద్దానికి అంచే బలహీనమైన చోటు. ఎప్పుడో ఒకరోజు తట్టుకోలేక బీట వారుతుంది. ఈ కారణం తెలియని పనివాడు వచ్చి, పగిలిన ముక్కలు తీసి, అదే తుప్పు మీద కొత్త అద్దం పెట్టి డబ్బు తీసుకుని వెళ్ళిపోతాడు. అది మళ్ళీ పగులుతుంది. అప్పుడు "ఇనుప కిటికీలు ఇంతే సార్, మొత్తం మార్చేద్దాం" అంటారు. తప్పు కిటికీది ఎలా అవుతుంది? గాడిలోని తుప్పును వైర్ బ్రష్‌తో, గీకుడు రేకుతో మెరిసే ఇనుము కనబడేదాకా తీసి, ఆ రోజే తుప్పును ఆపే తొలి పూత, రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ కొట్టి, అది ఆరాక అద్దం పెట్టి ఉంటే చాలా ఏళ్ళు నిలిచేది.

చెక్క కిటికీలో కూడా నిలిచే పనికీ నిలవని పనికీ తేడా కంటికి కనబడని చోటే ఉంటుంది. గాడి శుభ్రం చేశాక ప్రైమర్ వేయాలి. వేయకపోతే ఎండిన చెక్క లప్పంలోని నూనెను పీల్చేస్తుంది, లప్పం పొడిబారి ఏడాదికే పెచ్చులుగా రాలుతుంది. అద్దం పెట్టే ముందు గాడిలో పలచగా లప్పం పరవాలి, అద్దాన్ని దాని మీద కూర్చోబెట్టాలి. పై లప్పం ఎంత నున్నగా పెట్టినా కింద ఈ లప్పం పొర లేకపోతే వాననీళ్ళు వెనక నుంచి దిగి రెక్క అడుగు పట్టీని కుళ్ళబెడతాయి. అద్దాన్ని గాడి కొలత కన్నా మూడు నాలుగు మిల్లీమీటర్లు తక్కువ కోయించాలి, చెక్క ఉబ్బడానికి చోటుండాలి కదా. బిగుతుగా పడితే బాగా పట్టింది అనుకుంటారు, మొదటి వానకే చీలుతుంది.

లప్పం అంటే కూడా ఏ లప్పం? కిటికీకి కావలసింది సుద్దపొడి, అవిసె నూనె కలిపి పిసికినది. హార్డ్‌వేర్ షాపులో గ్లాస్ పుట్టీ అని అడగాలి. గోడకు పూసే తెల్లసిమెంటు లప్పాన్ని తెచ్చి కిటికీకి పెట్టే పెయింటర్లను నేను చూశాను. గోడ కదలదు, కిటికీ రెక్క రోజూ కదులుతుంది, ఎండకీ వానకీ ముడుచుకుంటుంది, సాగుతుంది. సిమెంటు సాగదు, పగుళ్ళు తీస్తుంది. ఇంకొందరు సిలికోన్ గన్ పట్టుకుని వస్తారు. అల్యూమినియానికి, గాజుకి దాని ఉపయోగం దానిది. కానీ మామూలు సిలికోన్ మీద రంగు పట్టదు, పై నుంచి ఎంత పూసినా తోలులా ఊడొస్తుంది. వెనిగర్ వాసన వచ్చే రకమైతే ఇనుమును తినేస్తుంది కూడా.

నూనె లప్పం మీద వెంటనే రంగు వేయకూడదు. పైన పొర కట్టడానికి కనీసం వారం, మన తేమలో ఇంకా ఎక్కువ. ఇక్కడే యజమానుల తొందర మొదలవుతుంది: "ఇంకా ఎన్నిరోజులయ్యా, ఈరోజే ముగించెయ్." ముగించేస్తాడు. లప్పం లోపల మెత్తగా ఉంటుంది, మీద రంగు ముడతలు పడుతుంది. తర్వాత తిట్లు పెయింటర్‌కి. చివరి పూత వేసేటప్పుడు రంగు అద్దం మీదికి ఒక 2 మిల్లీమీటర్లు ఎక్కాలి. లప్పానికీ గాజుకీ మధ్య ఉన్న గీతను మూసేది ఆ సన్న అంచే. శుభ్రంగా కనబడాలని బ్లేడుతో దాన్ని కూడా గీకించేవాళ్ళకు చేతులెత్తి చెబుతున్నా, అది గీకకండి.

పాత రంగు గీకడం గురించి మాత్రం కాస్త గట్టిగా చెప్పాలి. మన దేశంలో ఇళ్ళకు వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్ళలో 90 పాళ్ళు) మించకూడదన్న నిబంధన 2016లో వచ్చి 2017 నవంబరు 1 నుంచి అమలైంది. అంటే అంతకు ముందు వేసిన ఎనామెల్ పొరల్లో, ముఖ్యంగా పసుపు, ఎరుపు, ఆకుపచ్చల్లో, సీసం ఉండే అవకాశం గట్టిగానే ఉంది. అలాంటి కిటికీని పొడిగా ఉప్పుకాగితంతో రుద్దితే ఆ దుమ్ము నేల మీద, పరుపుల మీద, పిల్లల బొమ్మల మీద పడుతుంది. పాకే పిల్లలు చేతులు నోట్లో పెట్టుకుంటారు. సీసం వాళ్ళ మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది, ఇంత వరకు ఫరవాలేదు అనే మోతాదే లేదు. తడిపి రుద్దించండి. గది ఖాళీ చేసి, కింద ప్లాస్టిక్ పరిచి, తర్వాత తడి గుడ్డతో తుడవండి, చీపురు పెట్టకండి. రుద్దే మనిషికి మంచి మాస్కు కొనివ్వండి. రోజంతా ఆ దుమ్ము పీల్చేది ఆయనే.

ఇంకో అలవాటు, భోగికి ముందు ఇల్లంతా రంగులు. పండుగకి గోడలకు వేసుకోండి, ఎవరూ వద్దనరు. కిటికీలకు మాత్రం మార్గళి నెల (డిసెంబరు మధ్య నుంచి జనవరి మధ్య దాకా) సరైన సమయం కాదు. తమిళ నెలలు ఐప్పసి, కార్తీకాల్లో, అంటే అక్టోబరు మధ్య నుంచి డిసెంబరు మధ్య దాకా, కురిసిన వానంతా అప్పటికి చెక్కలోనే ఉంటుంది. తడిని లోపల పెట్టి పైన ఎనామెల్ వేస్తే మాసి నెల (ఫిబ్రవరి, మార్చి) ఎండకు ఆ తడి బయటికి రావడానికి చూస్తుంది, రంగు బొబ్బలెక్కుతుంది. ఫిబ్రవరి చివరి నుంచి మార్చి దాకా ఆగితే చెక్క ఆరి ఉంటుంది, లప్పం కూడా బాగా పడుతుంది. అలాగే వానాకాలంలో రెక్క బిగుసుకుపోయిందని అప్పుడే చిత్రిక పట్టించకండి. వేసవిలో అది ముడుచుకున్నాక సందులోంచి వేలు దూరుతుంది. కాస్త మైనం రాసి జనవరి దాకా ఓర్చుకోవడమే.

అద్దం మందం గురించి షాపులో చెప్పే మాట కూడా జాగ్రత్తగా వినండి. "మందం పెంచేద్దాం, బలంగా ఉంటుంది" అంటారు. గాజు బరువు ఒక్కో మిల్లీమీటరు మందానికి చదరపు మీటరుకు సుమారు 2.5 కిలోలు. 3 మిల్లీమీటర్ల చోట 6 పెడితే రెక్క మోసే గాజు బరువు రెట్టింపవుతుంది, బందులు వంగుతాయి, రెక్క నేల చూస్తుంది. పైగా ఆ గాడిలో లప్పానికి చోటే మిగలదు. కానీ పిల్లలు ఒరిగే ఎత్తులో ఉన్న అద్దమైతే, బాత్రూములోదైతే, మామూలు గాజు వద్దు. అది కత్తుల్లా పగులుతుంది. టఫెండ్ గాజు చిన్న చిన్న పలుకులుగా రాలుతుంది, లామినేటెడ్ అయితే పగిలినా మధ్య పొరకు అంటుకుని ఉంటుంది. ఐఎస్ 2553 (ఇలాంటి భద్రమైన గాజుకు మన దేశ ప్రమాణం) గుర్తు చూసి తీసుకోండి. టఫెండ్ గాజును చేశాక మళ్ళీ కోయలేరు, కాబట్టి కొలత రెండుసార్లు చూసుకోవాలి.

పాత ఇళ్ళలో పగలకుండా మిగిలిన అద్దాలను దయచేసి ఊరికే మార్చకండి. పక్క నుంచి చూస్తే ఎదురింటి కొబ్బరిచెట్టు అందులో కాస్త అలలు అలలుగా కనబడుతుంది. కరిగిన తగరం మీద గాజును తేలించి చదునుగా చేసే ఫ్లోట్ పద్ధతిని పిల్కింగ్టన్ సంస్థ 1959లో ప్రకటించింది. అంతకు ముందు రేకుల్లా లాగి తీసిన గాజుకు ఆ అలలుండేవి. మన పక్కనే శ్రీపెరుంబుదూరులో 2000 నుంచి ఫ్లోట్ గాజు తయారవుతోంది, చదునైనది ఎంత కావాలన్నా దొరుకుతుంది. అలల గాజు మాత్రం పోతే పోయినట్టే.

తుపాను రోజుల్లో అద్దాలకు ఇంటూ గుర్తులా టేపు అంటించడం వల్ల అద్దం పగలకుండా ఆగదు. 2016 డిసెంబరు 12న వర్దా వచ్చినప్పుడు గంటకు 100 కిలోమీటర్లు దాటిన గాలికి ఎగిరొచ్చిన కొమ్మలు, రేకులు ఎన్నో అద్దాలను పగలగొట్టాయి. వాటిని ఆపేది చెక్క తలుపులే. బయటివైపు చెక్క రెక్కలున్న పాత కిటికీకి ఆ రక్షణ మొదటి నుంచీ ఉంది, మనమే పీకేస్తున్నాం.

కొత్తగా పెడుతున్న యూపీవీసీ, అంటే గట్టి ప్లాస్టిక్ కిటికీ చెడ్డదని నేను అనను. మౌంట్ రోడ్డు మీదో, రైలు పట్టాల పక్కనో ఉండేవాళ్ళకు మంచి సీలున్న కిటికీ నిద్రనిస్తుంది. ద్వారబంధం లోపలంతా చెద తినేసి డొల్లయితే మార్చక తప్పదు. నా గొడవ బాగున్నవాటిని మార్చడం గురించి. రెండు పలకల స్లైడింగ్ కిటికీ ఎంత లాగినా సగమే తెరుచుకుంటుంది. మే నెలలో మధ్యాహ్నం దాటాక సముద్రపు గాలి మొదలయ్యే ఊరిలో, రెండు రెక్కలూ బార్లా తెరుచుకునే కిటికీని తీసేసి సగం గాలిని మనమే గోడ కట్టి ఆపుకుంటున్నాం. తర్వాత ఏసీ వేసుకుంటున్నాం.

బాగుచేసేవాళ్ళు దొరకడం లేదు అంటారు. నిజమే. ఎందుకు దొరకడం లేదో మా వీధిలో పనిచేసే చిత్తూరు వైపు ఆచారి గారిని అడిగాను. "కొత్త కిటికీకి అడిగినంత ఇస్తారు సార్. పాతదానికి అద్దం మార్చి లప్పం పెడితే వంద రూపాయల దగ్గర బేరమాడతారు. రెండుసార్లు రావాలి, లప్పం ఆరాలి. మా వాడికి ఈ పని నేర్పి ఏం లాభం సార్?" అన్నారు. ఆయన మాటలో నాకు తప్పేమీ కనబడలేదు. బాగుచేయడం కొత్తది బిగించడం కన్నా తక్కువ పని అని మనం అనుకోవడమే ఈ పనిని చంపుతోంది. దేనిని ఉంచాలి, దేనిని తీయాలి అని చూడగలిగే కన్ను కావాలి దీనికి. పూర్తి రోజు కూలి ఇవ్వండి. రెండోసారి వచ్చినందుకు కూడా ఇవ్వండి. అయినా కొత్త కిటికీ ధర కన్నా తక్కువే అవుతుంది.

పగిలిన ముక్కల గురించి ఒక మాట. వాటిని చెత్త సంచిలో పడేస్తున్నారు. ఆ సంచిలో చేయి పెట్టేది పారిశుధ్య కార్మికులు, చాలాసార్లు చేతికి తొడుగు కూడా లేకుండా. మందంగా పేపర్లలో చుట్టి, అట్టపెట్టెలో పెట్టి, టేపు వేసి, పైన తమిళంలో 'ఉడైంద కణ్ణాడి' (పగిలిన అద్దం) అని పెద్దగా రాసి చేతికివ్వండి, నోటితో కూడా చెప్పండి.

మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ మీటింగు ఈ ఆదివారం. అజెండాలో 'కిటికీలన్నీ మార్చడం' అని ఒకే ముక్క రాసి, ఒకే కొటేషన్ జతచేశారు. నేను అడగబోయేది ఇది: పని తెలిసిన వడ్రంగితో ప్రతి కిటికీ చూపించి, ఏది బాగుపడుతుంది, దేనికి అద్దం చాలు, దేనికి అడుగు పట్టీ మార్చాలి, ఏది నిజంగా పోయింది అని రాయించిన జాబితా ముందు పెట్టండి. అది లేకుండా ఆ కొటేషన్ మీద నేను సంతకం పెట్టను. మా బిల్డింగులో ఇది చదువుతున్న తెలుగువాళ్ళు కొందరున్నారు, మీరూ రండి.