ఆరు వేల రూపాయల 48 మెగాపిక్సెల్ కెమెరా కొనకండి

“బడ్జెట్‌లో కెమెరా కొనాలా? షాపువాళ్ళు చెప్పని 7 నిజాలు” అన్న మెసేజ్ మళ్ళీ తిరుగుతోంది. ఫ్యామిలీ గ్రూపుల్లో, స్కూలు పేరెంట్స్ గ్రూపుల్లో, ఆఖరికి ఫొటోగ్రఫీ నేర్చుకునేవాళ్ళ గ్రూపుల్లో కూడా. పంపేవాళ్ళు సాయం చేద్దామనే పంపుతున్నారు. కానీ అది నమ్మి డబ్బు పోగొట్టుకునేది కూతురి పుట్టినరోజుకి కెమెరా కొనిద్దామనుకున్న నాన్న, ట్యూషన్లు చెప్పి డబ్బు కూడబెట్టుకున్న డిగ్రీ కుర్రాడు. దయచేసి ఇది చదివాక మళ్ళీ ఎవరికీ పంపకండి.

మొదటి పాయింటు: “మెగాపిక్సెల్స్ ఎన్ని ఎక్కువుంటే అంత క్లారిటీ.” మెగాపిక్సెల్ అంటే పది లక్షల పిక్సెళ్ళు, అంటే ఫొటోని కట్టే చుక్కలు. పెళ్ళి ఆల్బమ్‌లో 12×18 అంగుళాల పేజీ నిండా ఒకే ఫొటో వేసినా, అంగుళానికి 300 చుక్కల చొప్పున 5400×3600 పిక్సెళ్ళు సరిపోతాయి. అంటే 19.4 మెగాపిక్సెల్స్. మామూలు 24 మెగాపిక్సెల్ కెమెరా 6000×4000 ఇస్తుంది. 4కె టీవీ నిండా చూపించడానికి 8.3 చాలు. ఫొటో మసకబారేది చెయ్యి వణికి, ఫోకస్ తప్పి, వెలుగు చాలక. పిక్సెళ్ళు చాలక కాదు.

రెండోది, “ఫుల్ ఫ్రేమ్ కాకపోతే దండగ.” కాదు. ఫుల్ ఫ్రేమ్ అంటే పాత 35 ఎంఎం ఫిల్ము అంత పెద్ద సెన్సర్ (వెలుగుని ఫొటోగా మార్చే చిప్) ఉన్న కెమెరా. బాడీ, అంటే లెన్సు లేని కెమెరా కంటే దాని లెన్సులకే ఎక్కువ ఖర్చవుతుంది. నేర్చుకునేవాళ్ళకి అంతకంటే చిన్నదైన ఏపీఎస్-సి సెన్సర్ చాలు. మూడోది, “కెనన్ కలర్స్ మంచివి, సోనీ కలర్స్ పచ్చగా వస్తాయి.” వైట్ బ్యాలెన్స్ (ఫొటోలో రంగుల ఛాయని సరిచేసే సెట్టింగు) మార్చడం పది నిమిషాల్లో నేర్చుకోవచ్చు. వదిలేయండి.

అసలు విషమంతా నాలుగో పాయింటులో ఉంది: “ఆన్‌లైన్‌లో 6 వేలకే 48 మెగాపిక్సెల్, 4కె, 16ఎక్స్ జూమ్ కెమెరా దొరుకుతుంటే 40 వేలు బ్రాండుకి తగలేయడం ఎందుకు?”

ఎందుకో చెప్తాను. ఆ డబ్బాల్లో చాలావాటి లోపల ఉండేది వెబ్‌క్యామ్ తరగతి సెన్సర్. అది 1/3 అంగుళం రకం అనుకుంటే 4.8×3.6 మిల్లీమీటర్లు, అంటే సుమారు 17 చదరపు మిల్లీమీటర్లు. లెన్సు మార్చుకోగల కెనన్ 1500డి కెమెరాలో సెన్సర్ 22.3×14.9, అంటే 332. దాదాపు పంతొమ్మిది రెట్లు పెద్దది. పగలు ఎండలో ఆ తేడా పెద్దగా తెలియదు. సాయంత్రం ఇంట్లో ట్యూబ్‌లైటు కింద తీస్తే మొహం మీద ఇసుక చల్లినట్టు చుక్కలు వస్తాయి, లేదా ఆ చుక్కల్ని తుడిచేసే ప్రయత్నంలో కనుబొమ్మలు కూడా తుడుచుకుపోతాయి.

మరి 48 ఎక్కడి నుంచి వచ్చింది? సెన్సర్ ఇచ్చే కొద్ది పిక్సెళ్ళ మధ్య లేని పిక్సెళ్ళని అంచనా కట్టి నింపుతారు. దీన్ని ఇంటర్‌పొలేషన్ అంటారు. మాన్యువల్‌లో చిన్న అక్షరాల్లో ఒక్కోసారి కనిపిస్తుంది కూడా. ఫైలు పెద్దదవుతుంది, అందులో కొత్త వివరం ఒక్కటీ ఉండదు. 16ఎక్స్ జూమ్ అన్నది డిజిటల్ జూమ్, అంటే ఫొటో మధ్యలో ముక్క కోసి పెద్దది చేయడం. ఆ పని ఫోన్లో రెండు వేళ్ళతో చేసుకోవచ్చు. ఫ్లాష్ పేరుతో ఉండేది చాలాసార్లు చిన్న ఎల్‌ఈడీ బల్బు, దాని వెలుగు గది అవతలి గోడ దాకా కూడా వెళ్ళదు. కొన్నిటికి ఫోకస్ మారదు. దగ్గరగా పువ్వు తీయబోతే వెనకున్న గోడ స్పష్టంగా, పువ్వు మసగ్గా వస్తుంది.

ఇప్పటికే కొనేసి ఉంటే రిటర్న్ గడువు దాటకముందే పరీక్షించండి. ఒకే దినపత్రికని గోడకి అంటించి, కెమెరాని బల్ల మీద కదలకుండా పెట్టి 48 సెట్టింగులో ఒకటి, 12లో ఒకటి తీయండి. కంప్యూటర్లో పెద్దవి చేసి ఒకే వరుస చదవండి. 48లో అదనంగా ఒక్క అక్షరం కూడా తెలియకపోతే అది నింపుడు లెక్కే. తర్వాత జూమ్ నొక్కి లెన్సు వైపు చూడండి. ఏమీ కదలకపోతే, పెట్టె మీద ఆప్టికల్ (లెన్సుతోనే చేసే నిజమైన జూమ్) అన్న మాట లేకపోతే, జూమ్ లేనట్టే. ఇక సీలింగ్ ఫ్యాన్ వేసి ఫొటో తీయండి. రెక్కలు కొడవళ్ళలా వంగి వస్తే సెన్సర్ వరసలవారీగా నెమ్మదిగా చదువుతోందన్నమాట. పరిగెత్తే పిల్లలూ అలాగే వంకరగా వస్తారు.

ఏడేళ్ళ పిల్లాడికి ఆటబొమ్మగా కొంటే కొనండి, బొమ్మ అని తెలిసి కొనండి. నిజంగా ఫొటోల కోసం ఆరు వేలే ఉంటే పాత ఇక్సస్, కూల్‌పిక్స్, సైబర్‌షాట్ లాంటి చిన్న జేబు కెమెరా ఆప్టికల్ జూమ్‌తో వెతకండి. 20 మెగాపిక్సెల్ ఇక్సస్ 185కి 8ఎక్స్ ఆప్టికల్ జూమ్ ఉంది. 48 అని రాయలేదు కాబట్టి అది తక్కువదవుతుందా?

ఐదో పాయింటు: “ఎంట్రీ లెవెల్ మోడల్స్ అన్నీ ఒకటే, చవకది తీసుకోండి.” ఒకటి కావు. కెనన్ 3000డి లెన్స్ మౌంట్ (లెన్సు బిగించే వలయం) ప్లాస్టిక్‌ది. 1500డి, నికాన్ డి3500లకి బయటి మైకు పెట్టే జాక్ లేదు. యూట్యూబ్ చేద్దామనుకుంటే మొదటి రోజే ఇరుక్కుంటారు. నికాన్ డి5600కి, కెనన్ 200డి మార్క్ 2కి ఆ జాక్ ఉంది. 1500డి, 3000డి, 200డి మార్క్ 2 మూడింటికీ హాట్ షూ (పైన ఫ్లాష్ తగిలించే గాడి) మధ్య పిన్ను లేదు, అంటే చవకరకం ఒంటి పిన్ను ట్రిగ్గర్లు (విడిగా పెట్టిన ఫ్లాష్‌కి సంకేతం పంపేవి) వాటి మీద ఆ ఫ్లాష్‌ని వెలిగించలేవు. ఇక చవగ్గా వస్తోందని కెనన్ ఎం50 వైపు చూసేవాళ్ళు ఒకటి తెలుసుకోవాలి: దాని లెన్సులు కెనన్ కొత్త ఆర్ఎఫ్ బాడీలకి పట్టవు.

“18-55 కిట్ లెన్స్ చెత్త, బాడీ ఒక్కటే కొని 50 ఎంఎం వేయండి” అన్నది ఆరోది. కిట్ లెన్స్ అంటే కెమెరాతో పాటే వచ్చేది; ఎంఎం అంకె తగ్గేకొద్దీ ఫ్రేములో ఎక్కువ పడుతుంది. 50 ఎంఎం లెన్సుతో 1500డి పట్టుకుని పది అడుగుల దూరం నుంచి తీస్తే ఫ్రేములో పట్టేది నాలుగున్నర అడుగుల వెడల్పు. మన ఇళ్ళలో హాలు గోడకి వీపు ఆనించి నిలబడ్డా నలుగురు పట్టరు. కిట్ లెన్స్‌ని 18 దగ్గర పెడితే అదే దూరం నుంచి పన్నెండు అడుగులు పడుతుంది. కిట్ లెన్స్‌తో ఆరు నెలలు తీయండి, ఏ నంబరు దగ్గర ఎక్కువ తీస్తున్నారో ఫొటో వివరాల్లో చూసుకోండి, అప్పుడు రెండో లెన్స్ కొనండి. అప్పుడైతే 50 ఎంఎం ఎఫ్/1.8 చక్కటి ఎంపికే; ఎఫ్ పక్క అంకె తగ్గేకొద్దీ లెన్సు ఎక్కువ తెరుచుకుంటుంది, ఎఫ్/5.6తో పోలిస్తే ఇది దాదాపు పది రెట్లు వెలుగు తీసుకుంటుంది. నికాన్ వాళ్ళు మాత్రం జాగ్రత్త. డి3500, డి5600 బాడీల్లో ఫోకస్ మోటారు లేదు. చవకైన 50 ఎంఎం 1.8డి వాటి మీద ఆటోఫోకస్ చేయదు, 1.8జి కావాలి.

ఏడోది కూడా డబ్బు పోగొట్టేదే: “సెకండ్ హ్యాండ్‌లో షటర్ కౌంట్ తక్కువుంటే కళ్ళు మూసుకుని కొనండి.” షటర్ కౌంట్ అంటే ఆ కెమెరా ఇప్పటిదాకా తీసిన ఫొటోల లెక్క. సెకండ్ హ్యాండ్ మంచి దారే, పాతిక వేలు అటూ ఇటూగా కిట్ లెన్స్‌తో మంచి డీఎస్ఎల్ఆర్ దొరుకుతుంది. కానీ కళ్ళు మూసుకోవద్దు. నికాన్ తీసిన జేపెగ్ (మామూలు ఫొటో) ఫైలులో కౌంట్ ఉంటుంది, ఎవరైనా చూడొచ్చు. కెనన్ చాలా మోడల్స్‌లో ఉండదు. లాప్‌టాప్‌కి కేబుల్ పెట్టి సాఫ్ట్‌వేర్‌తో చూడాలి. అమ్మేవాడు నోటితో “ఎనిమిది వేలే” అంటే అది ఋజువు కాదు. గంటలకొద్దీ వీడియో తీసినా కౌంట్ పెద్దగా పెరగదు. అన్నిటికంటే ముఖ్యం, కౌంట్ మరీ తక్కువంటే ఆ కెమెరా బీరువాలో ఏళ్ళ తరబడి పడి ఉండొచ్చు. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి ఊళ్ళ గాలి తేమకి బ్యాగులోనే లెన్సుకి బూజు పడుతుంది. అది అద్దం పూతని తినేస్తే, కడిగినా మచ్చ పోదు.

కొనేముందు లెన్స్ విడదీసి వెనక నుంచి ఫోన్ టార్చ్ వేసి ఏటవాలుగా చూడండి. సాలెగూడు పోగుల్లా కనిపిస్తే ఆ లెన్స్ వద్దు. ఎఫ్/22 పెట్టి తెల్ల గోడని తీయండి. నల్ల చుక్కలు దుమ్మైతే శుభ్రం చేయించుకోవచ్చు, గీత కనిపిస్తే వదిలేయండి. 1/4000 సెకను షటర్ వేగంతో అదే గోడని పదిసార్లు తీయండి. ఒక అంచు నల్లబడుతుంటే షటర్ పోతోంది. పాప్-అప్ ఫ్లాష్ వెలిగించి చూడండి. బిల్లు మీద సీరియల్ నంబరు కెమెరా మీదున్న నంబరుతో సరిపోవాలి.

ఆ మెసేజ్ చివర చిన్నగా ఒక వాక్యం ఉంది: “ముందు ఆరు నెలలు ఫోన్‌తోనే తీయండి.” ఇది నిజం. వెనక నుంచి ఎండ పడుతున్న మనిషిని తీస్తే ఫోన్ వరసగా కొన్ని షాట్లు తీసి కలిపి మొహాన్నీ ఆకాశాన్నీ రెండింటినీ నిలబెడుతుంది. 30 వేల కెమెరా నేరుగా ఇచ్చే జేపెగ్‌లో రెండింట్లో ఒకటి పోతుంది. పగటిపూట ప్రయాణాలు, వాట్సాప్ స్టేటస్సులు మాత్రమే మీ అవసరమైతే కెమెరా కొనకండి. స్టేజి మీద కూచిపూడి, చెరువు గట్టున పిట్టలు, సాయంత్రం ఆడుకునే పిల్లలు తీయాలనుంటే అప్పుడు కొనండి. కొన్నరోజే మెమరీ కార్డుని, అది నిజంగా ఎంత పట్టుతుందో చూసే హెచ్‌2టెస్ట్‌డబ్ల్యూ సాఫ్ట్‌వేర్‌తో పరీక్షించండి. 64 జీబీ అని రాసి అంత పట్టని నకిలీ కార్డు మొదటి ఫంక్షన్ ఫొటోలన్నీ మింగేస్తుంది.