ప్యాడిల్ టైరు గారికి బావమరిది తరఫున ఒక విన్నపం

మహారాజశ్రీ ప్యాడిల్ టైరు గారి దివ్యసముఖానికి,

హైదరాబాద్ నుంచి నమస్కారాలు. ఇసుకలో బండ్లు నడవడానికని ఒంటి మీద తెడ్లు (ప్యాడిల్స్) వేయించుకున్న టైరు తమరు. మీరు మమ్మల్ని ఎరగరు. ఎరగాల్సిన అవసరమూ ఇన్నాళ్లూ రాలేదు. సముద్రం మాకు దాదాపు 300 కిలోమీటర్ల దూరం. ఇక్కడ ఎక్కడ తవ్వినా బండరాయే తగులుతుంది. ఇసుక అంటే మాకు తెలిసింది, అపార్ట్‌మెంట్ కట్టేవాళ్లు సగం రోడ్డు మీద పోయించే కుప్ప. అదీ ఇప్పుడు చాలాచోట్ల రోబో శాండే, అంటే ఆ బండరాయినే క్రషర్‌లో వేసి నలగ్గొట్టింది. అలాంటి ఊళ్లో మా బావమరిదికి మీరు కావాల్సొచ్చారు.

వాడి దగ్గర 250 సీసీ ఏటీవీ, అంటే బైకులా హ్యాండిల్ పట్టుకుని తోలే నాలుగు లావు చక్రాల బండి, ఒకటుంది. వెనక చక్రాలతో నడిచేది. రోడ్డెక్కించడానికి రిజిస్ట్రేషన్ లేదు కాబట్టి మొయినాబాద్ వైపు ఎవరిదో ఫామ్‌హౌస్‌లో పెట్టాడు. సంక్రాంతికి దాన్ని ట్రాలీలో వేసుకుని బాపట్ల తీరానికి పోతాడట. "బావా, 25 అంగుళాలది, 12 ప్యాడిల్స్‌ది చూసిపెట్టు" అన్నాడు. ఎందుకురా అంటే, "పెద్దది కదా" అన్నాడు.

వాణ్ణి అని లాభం లేదు. మా ఊళ్లో సైజు అడిగేది అవసరాన్ని చూసి కాదు, పక్కింటివాణ్ణి చూసి. ఏడు సీట్ల బండిలో ఒక్కడే కూర్చుని మణికొండ సందులో రివర్స్ తీయలేక చెమటలు కక్కుతాం. ఫ్లాట్ కొన్నాక సూపర్ బిల్టప్ ఎంతో ఊరంతా చెప్తాం గానీ, లోపల కాలు పెట్టే జాగా ఎంతో చచ్చినా చెప్పం. అలాంటి మా దగ్గరికొచ్చి తమరు, "సైజు సంగతి తర్వాత, ముందు నీ ఇంజన్ సత్తా ఎంత?" అని అడుగుతారా! పెళ్లిచూపుల్లో కూడా ఇంత మొహంమీద అడగరండీ.

మీ గుణగణాలు కొంత విచారించాను. మామూలు ఏటీవీ టైరుకుండే బొడిపెలు మీకుండవు. నున్నటి ఒంటి మీద అడ్డంగా రబ్బరు తెడ్లు. చక్రం తిరిగినప్పుడు ఒక్కో తెడ్డూ ఇసుకను తోడి వెనక్కి విసురుతుంది, బండి ముందుకు పోతుంది. అయితే ఒక్కో తెడ్డుకీ ఇంజన్ కూలి ఇచ్చుకోవాలి, అక్కడే వస్తుంది చిక్కు. చిన్న ఇంజన్‌కి 12 మందిని అప్పజెప్తే కూలి ఇవ్వలేక ఇంజన్ తిరిగే వేగం, అదే ఆర్‌పీఎం పడిపోతుంది. ఇసుకలో ఊపు తగ్గిందంటే దిగబడ్డట్టే. అందుకే 250 సీసీకి ఆరు నుంచి ఎనిమిది, 450 సీసీ స్పోర్ట్ బండికి ఎనిమిది నుంచి పది అని మీవాళ్లు లెక్క చెప్తారు. అలాగని బలమైన బండికి మరీ తక్కువ పెట్టినా కుదరదు, ఉన్నచోటే గిర్రున తిరిగి తన గొయ్యి తనే తవ్వుకుంటుంది.

ఇక ఆ ఎత్తు. మీ ఒంటి మీద 20×11-9 అని ఉంటే 20 అంగుళాల ఎత్తు, 11 వెడల్పు, 9 అంగుళాల రిమ్ అని అర్థం. బండితో పాటు వచ్చిన వెనక టైర్లు ఆ సైజువే. వాటి బదులు 25 ఎక్కిస్తే ఒక్కో చుట్టుకీ బండి పావు వంతు ఎక్కువ దూరం పోవాలి, ఆ మేరకు నేల మీద తోపు ఐదో వంతు పడిపోతుంది. గేర్ మార్చకుండానే గేరింగ్ మారిపోయినట్టు. ఇదంతా చెప్పాను వాడికి. శ్రద్ధగా విని, "మరి 26?" అన్నాడు.

మీరు గనక వస్తే ఇక్కడ జరిగే మర్యాదలు కూడా ముందే మనవి చేస్తున్నాను. మీకు అయిదారు పీఎస్ఐ గాలి చాలు. మెత్తగా పరుచుకుంటేనే ఇసుక మీద తేలతారు. మా పంక్చర్ షాపు అన్న మాత్రం మిమ్మల్ని కారు టైరులాగే చూసుకుంటాడు, "ముప్పై కొట్టనా సార్?" అంటూ పైపు పట్టుకునే ఉంటాడు. మీకో తిరిగే దిక్కుంది, తెడ్డు గుంట ఇసుకను తోడే వైపే ఉండాలి. తిరగేసి బిగించాక "బాణం గుర్తు అటుందేంటన్నా" అంటే, "ఏం గాదు సార్, నడుస్తది" అనే సమాధానం సిద్ధంగా ఉంది. పైగా బావమరిదికి నాలుగు చక్రాలకీ మీరే కావాలి. సెట్ తీసుకుంటే డిస్కౌంట్ అట! ముందు చక్రాలకు ఇంజన్ తోపే లేదు, వాటికి కావాల్సింది నున్నగా ఉండి నడిమధ్య గట్టు ఒకటున్న టైరు, లేకపోతే హ్యాండిల్ ఎటు తిప్పినా బండి తిన్నగానే పోతుంది అన్నాను. "చూడ్డానికి బాగోదు బావా" అన్నాడు.

ఇంతకీ వాడు తోలబోయేది అలలకు తడిసి గట్టిపడ్డ ఇసుక మీద. అక్కడ మీ అవసరమే లేదు, మామూలు టైర్లే హాయిగా పోతాయి. మీరైతే ప్రతి తెడ్డుకీ వాడి నడుం మీద ఒక దెబ్బ వేస్తారు. పైనున్న పొడి ఇసుకలోకి పోతే, చలికాలం చివర్లో ఆలివ్ రిడ్లీ తాబేళ్లు వచ్చి గుడ్లు పెట్టే చోటు అదే. మీకు నిజంగా పనుండేది కాలిఫోర్నియా గ్లామిస్ ఇసుక దిబ్బల్లోనో, దుబాయ్ ఎడారిలోనో.

దుబాయ్ అంటే గుర్తొచ్చింది. ఈ ఉత్తరం రాస్తుండగానే వాడి మెసేజ్ వచ్చింది. అక్కణ్ణుంచి వచ్చే పరిచయస్తుడెవరో 14 ప్యాడిల్స్‌ది సెకండ్ హ్యాండ్‌లో పట్టాడట, గాలి తీసి బ్యాగేజీలో వేసుకొస్తాడట. నన్ను కారేసుకుని శంషాబాద్ రమ్మంటున్నాడు. కస్టమ్స్ వాళ్లు ఇదేంటని అడిగితే ఏం చెప్పాలో తమరే సెలవివ్వండి, త్వరగా. ఫ్లైట్ గురువారం.

ఇట్లు,
మీ 25 అంగుళాలను కారు డిక్కీలో పట్టించాల్సిన ఒక బావ