ఇవాళ్టి మ్యాచ్ చర్చ కోసం నిన్నటి ఫైనల్ ఆపేశారు

రాత్రి నుంచి తల వేడెక్కి ఉంది. పొద్దున చాయ్ కూడా తాగకుండా రాస్తున్నా, ఎవరికైనా తగిలితే తగలనీయండి.

బతుకమ్మకు హన్మకొండలో అమ్మ దగ్గరికి వచ్చాను. అక్కావాళ్లూ వచ్చారు. నిన్న, 2025 సెప్టెంబర్ 27 శనివారం రాత్రి ఎనిమిదిన్నరకు లండన్ ట్వికెన్‌హామ్‌లో ఆడవాళ్ల రగ్బీ ప్రపంచ కప్ ఫైనల్, ఇంగ్లండ్‌కూ కెనడాకూ. ఆ రెండు గంటలు టీవీ నాది అని వారం నుంచి ఇంట్లో అందరికీ చెప్పి పెట్టాను. బతుకమ్మ ఆడి వచ్చి, పట్టుచీర కూడా మార్చకుండా ఫోన్ టీవీకి కలుపుకుని కూర్చున్నా. పక్కన అక్క కూతురు, తొమ్మిదో తరగతి. బంతిని అవతలి జట్టు గీత దాటించి నేలకు ఆనిస్తే ట్రై, దానికి ఐదు పాయింట్లు, ఆ తర్వాత కొట్టే కిక్కుకు రెండు, బంతిని చేత్తో ముందుకు విసరకూడదు, వెనక్కే ఇవ్వాలి అని చెప్పుకుంటూ చూస్తున్నాం. ఐదో నిమిషంలోనే కెనడా ట్రై కొట్టింది. కాసేపటికే ఇంగ్లండ్ అమ్మాయి ఎల్లీ కిల్‌డన్ అడ్డొచ్చిన వాళ్లందరినీ తప్పించుకుంటూ ఉరికి కొట్టిన ట్రైకి మా పిల్ల సోఫా మీద ఎగిరింది. సగం ఆటకు 21-8, ఇంగ్లండ్ ముందుంది.

నీళ్లు తాగొద్దామని వంటింట్లోకి వెళ్లాను. వచ్చేసరికి బావ ఛానెల్ మార్చేశాడు.

దేనికి అనుకున్నారు? ఇవాళ జరిగే ఇండియా-పాకిస్తాన్ ఆసియా కప్ ఫైనల్ మీద చర్చకు. మ్యాచ్ కాదండీ, చర్చ! నలుగురు కోట్లు వేసుకుని కూర్చుని, టాస్ గెలిస్తే ఏం చేయాలి, మ్యాచ్ అయ్యాక చేతులు కలపాలా వద్దా అని గంటసేపు. ఈ కప్పులోనే పాకిస్తాన్‌ను రెండుసార్లు ఓడించారు, అయినా చర్చ ఆగదు. అక్కడ నిజంగా ప్రపంచ కప్ ఫైనల్ నడుస్తోంది, స్టేడియంలో 81,885 మంది ఉన్నారు, ఆడవాళ్ల రగ్బీ మ్యాచ్‌కు ఇంతమంది రావడం ప్రపంచంలో ఇదే మొదటిసారి. మా ఇంట్లో మాత్రం టాస్.

"ఇంకా సగం ఆట ఉంది బావా" అంటే, "ఏం ఆటమ్మా అది, ఆడోళ్లు ఒకల మీద ఒకలు పడుడు, పోరి చూస్తే ఏం నేర్చుకుంటది" అన్నాడు. లోపల్నుంచి అమ్మ, "పోనియ్యి బిడ్డా, పండుగ పూట అల్లునితోని లొల్లెందుకు." ఆ టీవీకి ఈఎంఐ కట్టేది నేను. ఇంకా నాలుగు నెలలు ఉంది.

ఒకల మీద ఒకలు పడుడట. ఇదే మనిషి కబడ్డీలో ఐదుగురు కలిసి రైడర్‌ను కింద పడేస్తే ఇంటి కప్పు ఎగిరేలా అరుస్తాడు. రగ్బీలో ఎలా పడితే అలా పడరు మహాప్రభో, తల జోలికి పోతే కార్డు చూపిస్తారు. 2022 ఫైనల్లో అలా రెడ్ కార్డు పడి ఒకామె బయటికి పోయే కదా ఇంగ్లండ్ పదిహేను మందికి బదులు పద్నాలుగు మందితో ఆడి న్యూజిలాండ్ చేతిలో 34-31తో ఓడింది, అంతకుముందు వరుసగా 30 మ్యాచ్‌లు గెలిచి వచ్చి మరీ. ఆ రోజు నుంచి మళ్లీ ఓడలేదు, నిన్నటితో వరుసగా 33. మన క్రికెట్లో ఎవరైనా ఇలా గెలిచి ఉంటే మా వీధిలో పాలాభిషేకం జరిగేది.

నాకు మాత్రం కెనడా మీదే మనసు. ప్రపంచంలో రెండో ర్యాంకు జట్టు, సెమీస్‌లో ఆరుసార్లు కప్పు గెలిచిన న్యూజిలాండ్‌ను 34-19తో కొట్టింది, అలాంటి జట్టు ఈ కప్పుకు తయారవడానికి డబ్బు చాలక మిలియన్ డాలర్ల కోసం చందాలు అడగాల్సి వచ్చింది. వినాయకుడికి మనం తిరుగుతామే, అలా. ఇది కొత్త కూడా కాదు, 1991లో వేల్స్‌లో మొదటి కప్పు జరిగినప్పుడు సోవియట్ జట్టు చేతిలో పైసా లేక వెంట తెచ్చుకున్న వోడ్కా అమ్ముకుంది. ఈ ముక్క చదివిన రోజు నేను నవ్వాను, తర్వాత నవ్వు రాలేదు, ఎందుకంటే నాకు మా స్కూలు గుర్తొచ్చింది.

పేరు రాయను, నర్సంపేట వైపు చదివిన వాళ్లకు తెలిసిపోతుంది. పొద్దున్నే ఆడపిల్లలం వచ్చి కబడ్డీ కోర్టుకు సున్నంతో గీతలు గీసేవాళ్లం. చేతులు మండేవి. సార్ మగపిల్లలను దింపేవాడు, "మీకు సాయంత్రం" అనేవాడు. సాయంత్రం అయితే "చీకటి పడుతోంది, మీ ఇండ్లల్ల నన్ను అంటరు, పోండ్రి" అనేవాడు. గీతలు మావి, ఆట వాళ్లది. ఒక్కసారి, ఒకే ఒక్కసారి జోనల్‌కు పంపారు, అదీ అబ్బాయిల పాత జెర్సీలతో. నా జెర్సీ మోకాళ్ల దాకా వచ్చింది, వెనకాల వేరేవాడి పేరు. ఆ పేరుతోనే గెలిచాను. మర్నాడు ప్రార్థనలో చప్పట్లు కొట్టించారు, ఆ తర్వాతి రోజు మళ్లీ సున్నం డబ్బా ఇచ్చారు. ఆ సార్ ఇప్పటికీ కనబడితే "నీకు ఆట నేర్పింది నేనే" అంటాడు!

మనవాళ్ల సంగతే అంత. మన పర్వతగిరి మండలం కల్లెడ అమ్మాయి దీప్తి జీవాంజిని చిన్నప్పుడు ఊళ్లో పిచ్చిది, కోతి అన్నారు, అనాథాశ్రమంలో వేయమని తల్లిదండ్రులకు సలహాలు కూడా ఇచ్చారు. 2024లో పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్లలో కాంస్యం తెచ్చింది. ఫ్లెక్సీలు లేచాయి. ఆ ఫ్లెక్సీల్లో అమ్మాయి ఫొటో కంటే కట్టించినవాళ్ల ఫొటోలు పెద్దవి. ఈ వారం ఢిల్లీలో పారా అథ్లెటిక్స్ ప్రపంచ పోటీలు జరుగుతున్నాయి, దాని మీద నిన్న రాత్రి ఏ కోటాయన చర్చ పెట్టాడు?

రెండో సగం నేనూ మా పిల్లా వంటింట్లో, సత్తు ముద్దలు చుడుతున్న అమ్మ పక్కన, ఫోన్‌లో చూశాం. నెట్‌వర్క్ రెండు గీతలు, ఆగి ఆగి వచ్చింది. కెనడా 21-13 దాకా లాగింది, తర్వాత ఇంగ్లండ్ వదల్లేదు, 33-13. కబేయా అనే ఇంగ్లండ్ అమ్మాయి ఎంతమందిని పట్టి పడేసిందో (ట్యాకిల్ అంటారు), బంతి ఎవరి చేతిలో ఉంటే వాళ్ల కాళ్ల దగ్గర తేలింది, ప్లేయర్ ఆఫ్ ద మ్యాచ్ ఆమెకే. అమ్మ కూడా ముద్దలు ఆపి చూసింది. "ఆ పిల్ల మంచిగ వట్టింది" అంది. అప్పుడు మా పిల్ల అడిగింది, "చిన్నమ్మా, మనకు ఈ జట్టు ఉందా?" ఉంది. 2019లో మనీలాలో సింగపూర్‌ను 21-19తో ఓడించి పదిహేను మంది ఆటలో మన అమ్మాయిలు తొలి గెలుపు తెచ్చారు, ఎక్కువమంది ఒడిశా వైపు పిల్లలు. చెప్తే, "మరి నాకెవరూ చెప్పలే" అంది.

ఇవాళ ఎనిమిదికి క్రికెట్ ఫైనల్. బావ ఇద్దరు స్నేహితులను కూడా రమ్మన్నాడట, మిర్చీ బజ్జీలు వేయమని అక్కకు పురమాయించాడు. రిమోట్ కనబడటం లేదని పొద్దున్నుంచి సోఫా కింద వెతుకుతున్నాడు.

బియ్యం డబ్బాలో ఉంది. అడుగున.