విశ్రాంతి రోజుల కూలి ఎవరిస్తారు?

సెంట్రింగ్ పనికెళ్లే మనిషి రెండో అంతస్తు నుంచి జారిపడి కాలు విరగ్గొట్టుకున్నాడనుకుందాం. ఆరోగ్యశ్రీ కార్డు ఉంది కాబట్టి ఆపరేషన్ అయింది, కాల్లో రాడ్ వేశారు. ‘మూడు నెలలు కాలు మీద బరువు మోపొద్దు’ అని డాక్టరు డిశ్చార్జి కాగితం మీద రాసిచ్చారు. అసలు కష్టం ఆ కాగితంతో పాటే ఇంటికొస్తుంది. బాత్రూముకు వెళ్లాలన్నా పట్టుకునే మనిషి కావాలి, అందుకని భార్య కూలి కూడా పోతుంది. కిరాణా కొట్లో ఖాతా పెరుగుతుంది. చిట్టీ ఆగుతుంది. ఆ తర్వాత చెవి కమ్మలు తాకట్టుకు వెళ్తాయి. మూడు నెలలు ఎక్కడ, రెండో నెలలోనే కుంటుకుంటూ మేస్త్రీకి ఫోన్ చేస్తాడు.

2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక మన ప్రభుత్వాలు వైద్య ఖర్చు పరిమితిని పెంచుతూ వచ్చాయి. తెలంగాణలో 2023 డిసెంబరులో అది 10 లక్షలకు చేరింది. సంతోషమే. పోయిన కూలి సంగతి మాత్రం అంతగా పట్టలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 డిసెంబరులో మొదలైన ‘ఆరోగ్య ఆసరా’ ఆ పని చేసింది: ఆపరేషన్ తర్వాత రోజుకు 225 రూపాయలు, నెలకు గరిష్ఠంగా 5 వేలు. మేస్త్రీ కూలి ముందు అది ఏ మూలకు? అయినా ఆలోచన సరైనది. పథకానికి ఏ పార్టీ ఏ పేరు పెట్టుకున్నా మాకు అభ్యంతరం లేదు.

ఇది కొత్త ఆలోచనా కాదు. 1948 నాటి ఈఎస్‌ఐ (ఉద్యోగుల బీమా) చట్టంలోనే ఉంది. జబ్బుపడితే ఏడాదిలో 91 రోజుల వరకు జీతంలో 70 శాతం, పనిలో దెబ్బ తగిలితే కోలుకునే దాకా 90 శాతం ఇస్తారు. 20 వేల జీతగాడి దగ్గర ఇందుకు కోసేది నెలకు 150 రూపాయలే, యజమాని 650 కడతాడు. చాలామంది ఈఎస్‌ఐ అంటే మందుల చీటీ అనుకుంటారు, ఈ డబ్బు అడగరు. జీతం పరిమితేమో 2017 జనవరిలో పెట్టిన 21 వేలు. 22 వేలకు చేరినవాడు బయటే. అడ్డా కూలీ, సొంత ఆటో నడిపేవాడు ఎలాగూ బయటే.

బ్యాంకు ఖాతాలో ఏటా 20 రూపాయలు కోతపడే సురక్షా బీమాను చూసి ధీమాగా ఉండేవారూ ఉన్నారు. అది ప్రమాదంలో ప్రాణం పోతేనో, కన్నో కాలో శాశ్వతంగా పోతేనో వస్తుంది. విరిగి అతుక్కునే కాలికి పైసా రాదు.

భవన నిర్మాణ ఖర్చు మీద 1 శాతం సెస్సు వసూలు చేసేది కూలీల పేరు చెప్పే. కనీసం వాళ్లకైనా ఆ నిధి నుంచి విశ్రాంతి రోజులకు కనీస వేతనం లెక్కన చెల్లించాలని రెండు ప్రభుత్వాలనూ కోరుతున్నాం. ఎన్ని రోజులన్నది డిశ్చార్జి కాగితం మీద డాక్టరు సంతకంతోనే ఉంది. ఇంకో సర్టిఫికెట్ కోసం కట్టు కాలితో ఉన్నవాణ్ణి మీసేవ చుట్టూ తిప్పొద్దు.