ఫ్లోరైడ్ ఏ పేపర్‌లో వస్తుంది?

పదో తరగతి సైన్సు మీద మన దగ్గర జరిగే చర్చంతా రెండు విషయాల చుట్టూనే తిరుగుతోంది. ఏ పాఠం తీసేశారు? ఎన్ని మార్కులకు పరీక్ష పెడుతున్నారు? 2023లో ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి పుస్తకంలోంచి ఆవర్తన పట్టికను, జీవ పరిణామాన్ని తీసేసింది. పరిణామం తీసేయడాన్ని తప్పుపడుతూ 1800 మందికి పైగా శాస్త్రవేత్తలు, ఉపాధ్యాయులు బహిరంగ లేఖ రాశారు. మరుసటి ఏడాదే ఆంధ్రప్రదేశ్ తన పదో తరగతికి ఆ పుస్తకాలే తెచ్చుకుంది. తెలంగాణలో 2024 నవంబరులో ఇంటర్నల్ మార్కులు ఎత్తేస్తున్నామన్నారు, వెంటనే వాయిదా వేశారు. ఇవన్నీ పాఠకులకు తెలిసినవే.

పాఠాలు తీసేయడం తప్పు. అందులో నాకు రెండో మాట లేదు. కానీ మిగిలిన పాఠాలు పిల్లల చేతికి అందుతున్నాయా అని ఎవరూ అడగడం లేదు. నేను అడిగేది ఒక్కటే. హైస్కూల్ పిల్లలు తమ ఊరి నీళ్లను తామే పరీక్షించాలి. ఆ పనికి మార్కులుండాలి. వచ్చిన ఫలితం ఊరందరికీ కనిపించాలి.

ఎందుకంటున్నానో చెప్పడానికి మా అక్క వాళ్లింట్లో చూసింది చెప్తాను. పోయిన సంక్రాంతికి కొత్త దంపతులు వచ్చారు. దిష్టి తీయడానికి మా మేనకోడలి నానమ్మ పళ్లెంలో పసుపు కలిపి, చిటికెడు సున్నం వేసి తిప్పింది. నీళ్లు ఎర్రగా మారాయి. పదో తరగతి చదివే మా మేనకోడలు పక్కనే కూర్చుని సూచికల పట్టిక బట్టీ పడుతోంది. ఫినాఫ్తలీన్ ఆమ్లంలో రంగు ఉండదు, క్షారంలో గులాబీ. మిథైల్ ఆరెంజ్ ఆమ్లంలో ఎరుపు, క్షారంలో పసుపు. దిష్టి తీయడం అయిపోయాక మిగిలిన ఎర్రనీళ్లు ఒక గ్లాసులో పోసి, నిమ్మచెక్క ఇచ్చి పిండమన్నాను. రసం పడిన చోటల్లా ఎరుపు విరిగి పసుపు మచ్చలు వచ్చాయి. చెంచాతో తిప్పగానే మళ్లీ ఎర్రబడ్డాయి. ఆ చెక్క అయిపోయింది. రెండో చెక్క సగం పిండేసరికి గ్లాసంతా పసుపైంది, ఎంత తిప్పినా ఇక మారలేదు. మొదట ఎందుకు వెనక్కి వెళ్లిపోయిందని అడిగితే కాసేపు ఆలోచించి, “సున్నం ఇంకా మిగిలుంది కదా మామయ్యా, అది అయిపోయేదాకా మారదు” అంది. తటస్థీకరణ అంటే అదే. ఆ మాట నిర్వచనం తనకు ఎప్పుడో వచ్చు. “పసుపు సహజ సూచిక అని మా పుస్తకంలో ఉంది, ఒక మార్కు బిట్టు” అని కూడా చెప్పింది. పుట్టినప్పటి నుంచీ చూస్తున్న దిష్టినీళ్లూ ఆ బిట్టూ ఒకటేనని మాత్రం ఆ రోజే తెలిసింది. తెలివైన పిల్ల. క్లాసులో ఫస్టు. తప్పు ఆ పిల్లది కాదు.

ఇప్పుడు నీళ్ల సంగతి. మన నేలలో ఫ్లోరైడ్ ఉందని ఈ మధ్య తెలిసింది కాదు. 1937లోనే అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా ఊళ్లలో ఫ్లోరైడ్ వల్ల వచ్చే ఫ్లోరోసిస్ జబ్బును వైద్యులు గుర్తించి ప్రచురించారు. తర్వాత నల్లగొండ పేరు దేశమంతా వినిపించింది. ఎంతగా అంటే పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీసే పద్ధతిని నాగపూర్‌లోని నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థ రూపొందించినప్పుడు దానికి నల్లగొండ టెక్నిక్ అనే పేరే నిలిచింది. గ్రానైటు రాళ్లలోని ఫ్లోరైడ్ ఏళ్ల తరబడి కరిగి భూగర్భ జలాల్లో చేరుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్లు తాగుతూ పోతే ఎదిగే వయసు పిల్లల పళ్ల మీద గోధుమరంగు గారలు పడతాయి. ఇంకా ఎక్కువైతే ఎముకలు వంకర తిరుగుతాయి. మర్రిగూడ మండలం శివన్నగూడెంకు చెందిన అంశల స్వామి ఆ వంగిన ఒంటితోనే ఈ సమస్యను ఢిల్లీ దాకా తీసుకెళ్లి, 2023లో కన్నుమూశారు.

మరి ఫ్లోరైడ్ ఏ పేపర్‌లో వస్తుంది? ఫ్లోరిన్ బయటి కక్ష్యలో ఏడు ఎలక్ట్రాన్లున్నాయి, ఇంకొక్కటి కావాలి, అది దొరికితే ఫ్లోరైడ్ అవుతుంది. ఇది పీఎస్, అంటే ఫిజికల్ సైన్స్ సార్ చెప్పే రసాయన బంధం. ఎముకలో, పంటి పింగాణిలో ఉండేది కాల్షియం, ఫాస్ఫేట్, హైడ్రాక్సిల్ కలిసిన స్ఫటికం. ఆ హైడ్రాక్సిల్ చోటులోకి ఫ్లోరైడ్ దూరుతుంది. ఇది బయాలజీ మేడం చెప్పాల్సింది. పరీక్ష రెండు పేపర్లు, టీచర్లు ఇద్దరు, నోట్సులు రెండు. పిల్లవాడు తాగే గ్లాసు నీళ్లు మాత్రం ఒకటే. ఆ గ్లాసులోని విషయం రెండు పేపర్ల మధ్య సందులో పడిపోతోంది. పదిహేనేళ్లకే ఎంపీసీ అని ఒకరిని, బైపీసీ అని ఒకరిని విడదీసేసరికి ఆ సందు పూడ్చలేనంత గొయ్యి అవుతోంది. ఎంపీసీ పిల్లాడికి తన కిడ్నీ గురించి పదో తరగతి తర్వాత ఎవరూ చెప్పరు. బైపీసీ పిల్ల లెక్కలకు దూరమవుతుంది.

ఫ్లోరైడ్ పరీక్ష చేయడానికి పెద్ద ల్యాబ్ అక్కర్లేదు. ఫీల్డ్ టెస్ట్ కిట్‌లోని సీసాలో గీత దాకా నీళ్లు పోసి, రసాయనం చుక్కలు వేసి, కాసేపాగి కార్డు మీది రంగులతో పోల్చుకోవాలి. ఫ్లోరైడ్ ఎక్కువయ్యే కొద్దీ గులాబీ రంగు పసుపు వైపు తిరుగుతుంది. ఎర్రనీళ్లలో నిమ్మచెక్క పిండిన పిల్లకు ఈ పని కొత్తగా అనిపించదు. లోపల జరిగే రసాయన చర్య వేరే కావచ్చు, రంగు చూసి సంగతి చదవడం మాత్రం అదే. జల్ జీవన్ మిషన్ కింద ప్రతి ఊళ్లో ఐదుగురు మహిళలకు ఈ కిట్లతో పరీక్ష నేర్పాలన్నది కేంద్రం పెట్టుకున్న నియమమే. పొదుపు సంఘం అక్కలు చేయగలిగిన పని, వాళ్ల పిల్లలు చదివే బడిలో ఎందుకు జరగకూడదు?

ఎందుకు కుదరదో చెప్పేవాళ్లున్నారు. వాళ్ల మాటలో నిజం లేకపోలేదు. ల్యాబ్ ఉన్న బళ్లు తక్కువ, ఉన్నచోట సిలబస్ ముగించే టెన్షన్. ఇంటర్నల్స్ పెడితే ప్రైవేటు బళ్లు ఇరవైకి ఇరవై వేసుకుంటాయన్నదీ నిజమే. తెలంగాణ ఫార్మేటివ్ పరీక్షల్లో ప్రాజెక్టుకు ఐదు మార్కులుంటే నెట్ సెంటర్‌లో ప్రింట్లు తీసి చార్టుకు అతికించి ఇస్తున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో పదో తరగతి ఇంటర్నల్స్ కొన్నేళ్ల కిందటే ఎత్తేశారు. కానీ ఆ దొంగ మార్కులకు కారణం ప్రాజెక్టు బడి గోడలు దాటకపోవడమే. ఊరి బోరు నీళ్ల ఫలితం పంచాయతీ గోడ మీద రాస్తే అబద్ధం రాయడం కష్టం. పక్కింటాయన అదే బోరు నీళ్లు తాగుతాడు, అనుమానమొస్తే కిట్ పట్టుకుని మళ్లీ చూడమంటాడు.

నేను చదివిన హైస్కూల్లో సైన్సు బీరువా ఉండేది. తాళం హెడ్‌మాస్టర్ దగ్గర. పరీక్ష నాళికలు పగిలితే ఎవరు కట్టాలన్న భయంతో మూడేళ్లలో ఒక్కసారీ తెరవలేదు. పటం గీయడం మాత్రం బాగా నేర్చుకున్నాం. కిడ్నీలో రక్తాన్ని వడకట్టే నెఫ్రాన్ బొమ్మ, భాగాల పేర్లతో సహా, ఇప్పటికీ గీయగలను.

నెఫ్రాన్ అంటే శ్రీకాకుళం జిల్లా ఉద్దానం గుర్తొస్తుంది. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు మండలాల్లో ఎన్నో ఇళ్లలో కిడ్నీ రోగి ఉన్నారు. కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. పలాసలో ఆసుపత్రి వచ్చింది, హిరమండలం నుంచి నీళ్లు తెచ్చే పథకం వచ్చింది. తండ్రి వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్‌కు వెళ్లే ఇంట్లో పిల్లవాడు విసర్జన పాఠం చదువుతున్నాడు. ఆ పిల్లవాడికి తండ్రి రిపోర్టులో కిడ్నీ ఎంత పనిచేస్తోందో చెప్పే సీరం క్రియాటినిన్ అంకె చదవడం రావాలి. నిరుటికీ ఇప్పటికీ అది ఎంత పెరిగిందో గ్రాఫు గీయడం రావాలి. డయాలసిస్ యంత్రంలోని సన్నటి గొట్టాలు నెఫ్రాన్ చేసే ఏ పని చేస్తున్నాయో, ఏ పని చేయలేకపోతున్నాయో చెప్పగలగాలి. ఆ ఇంటికి ఆ పాఠం అవసరం.

అసలు నా బాధ సైన్సు సబ్జెక్టు దాటిపోయింది. తమ ఒంటి గురించి, తమ నీళ్ల గురించి కొలిచే హక్కును మన జనం ఎవరికో అప్పజెప్పేశారు. వీధికో వాటర్ ప్లాంటు వచ్చింది. డబ్బాలో నీళ్లు తెల్లగా కనిపిస్తే మంచివే అనుకుంటున్నాం. ఫ్లోరైడ్‌కు రంగు లేదు, వాసన లేదు, రుచి తెలియదు. నల్లాల్లో కృష్ణా నీళ్లు వచ్చాక నల్లగొండలో పరిస్థితి చాలా మారింది, అది చిన్న విజయం కాదు. అయినా పొలం దగ్గర దాహమేస్తే బోరు నీళ్లే తాగుతారు.

కాబట్టి రెండు ప్రభుత్వాలనూ అడిగేది ఇది. సైన్సు మార్కుల్లో పది ఈ పనికి కేటాయించండి. పీఎస్, బయాలజీ టీచర్లిద్దరూ కలిసి వేయాల్సిన మార్కులుగా పెట్టండి. ఎండాకాలం ముందు ఒకసారి, వానలు తగ్గాక ఒకసారి, ఏడాదికి రెండుసార్లు పరీక్ష చేయించండి. రికార్డులో పేజీకి ఒక బోరు. అది ఎవరి ఇంటి దగ్గరుంది, ఎన్ని అడుగుల లోతు, ఏ తేదీన నీళ్లు పట్టారు, రంగు ఏ గడికి సరిపోయింది, లీటరుకు ఎన్ని మిల్లీగ్రాములు, ఎవరు చూశారు. కింద ఇద్దరు టీచర్ల సంతకాలు, పక్కన సర్పంచ్ సంతకం. ఆ పుస్తకం బడి బీరువాలో కాదు, పంచాయతీ ఆఫీసులో ఎవరు అడిగినా తీసి చూపించే చోట ఉండాలి.